కువైట్ నుంచి వచ్చిన సీకో క్రోనోగ్రాఫ్: ఏది ఒరిజినల్, ఏది మార్చింది?

సింహపురి_లత (నెల్లూరు)
అందరికీ నమస్తే. మా మామయ్య కువైట్‌లో పనిచేసే రోజుల్లో కొనుక్కున్న సీకో క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచీ కూడా ఉన్న చేతి వాచీ) ఇది. ఆయన పోయాక అత్తయ్య అమ్మకిచ్చింది, అమ్మ దగ్గర్నుంచి నాకొచ్చింది. పసుపు డయల్, చుట్టూ ఎరుపు నీలం రింగు, ఆరు దగ్గర చిన్న డయల్, కుడిపక్క రెండు బటన్లు. కాస్త ఊపితే నడుస్తోంది. పై బటన్ నొక్కితే పెద్ద సెకన్ల ముల్లు బయల్దేరుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. కింది బటన్‌తో సున్నాకి తెస్తే మాత్రం పన్నెండు మీద నిలబడదు, ఒక గీత దాటి ఆగుతోంది.

ట్రంకు రోడ్డులో ఒక షాపులో చూపిస్తే "డయల్ కొత్తది వేసి, బఫింగ్ కొట్టి తళతళలాడిస్తా మేడమ్" అన్నారు. ఇంకో షాపులో "డయల్ ఇప్పటికే డూప్లికేట్, లోపల మిషన్ కూడా ఏదో వేసుంటారు" అన్నారు. అమ్మే ఉద్దేశం లేదు. మామయ్య నాటిది ఏదో తెలిస్తే దేన్ని ముట్టుకోనివ్వకూడదో తెలుస్తుందని అడుగుతున్నా. ముందు, వెనక, పక్క ఫోటోలు పెట్టాను.

సెకండ్‌హ్యాండ్_రాజా (నెల్లూరు)
మేడమ్, అంతా కలగాపులగం పీసు. నాలుగు వేలిస్తా, ఇంటికొచ్చి తీసుకెళ్తా.

కందుకూరు_కిట్టు
రాజన్నా, అమ్మే ఉద్దేశం లేదని మొదట్లోనే రాశారు కదా. డూప్లికేట్‌కి నాలుగు వేలు, అదీ ఇంటికొచ్చి! ఆ తొందరలోనే దాని విలువ తెలిసిపోతోంది 😄

దర్గామిట్ట_భాయ్ (నెల్లూరు)
లతగారూ, ఎవరికీ ఇవ్వకండి, ఏమీ చేయించకండి. ముందు వెనక మూత మీద ఏం రాసుందో చెప్పండి. మధ్యలో గీతతో ఒక నంబరు ఉంటుంది, ఇంకోచోట విడిగా సీరియల్ నంబరు ఉంటుంది. సీరియల్ మొత్తం ఇక్కడ పెట్టొద్దు, మొదటి రెండంకెలు చాలు. అలాగే డయల్ మీద, మూత మీద నీళ్ళ గురించి ఏమైనా ఉంటే అక్షరం పొల్లుపోకుండా రాయండి.

సింహపురి_లత
6139-6002 అని ఉంది. సీరియల్‌లో ఆరంకెలు, మొదటివి 5, 4. మూత మీద "వాటర్ రెసిస్టెంట్". డయల్ మీద "వాటర్ 70ఎం ప్రూఫ్". భూతద్దం పెడితే గానీ కనబడలేదు.

దర్గామిట్ట_భాయ్
ఇక్కడే మొదటి తేడా దొరికింది. ఒక్కొక్కటీ చెప్తా.

6139 అంటే మిషన్ నంబరు. 6002 అంటే ఆ మిషన్ పెట్టిన కేసు (బయటి లోహపు డొల్ల) నంబరు. సీకో ఈ మిషన్‌ని 1969లో తెచ్చింది. క్రోనోగ్రాఫ్‌ని ఆటోమేటిక్ (చెయ్యి ఊగితే తనంతట తానే కీ ఎక్కేలా) చెయ్యాలని ఆ ఏడాది మూడు వర్గాలు పోటీ పడ్డాయి: జనవరిలో జెనిత్ ప్రకటించింది, మార్చిలో హోయర్, బ్రైట్‌లింగ్ వాళ్ళ జట్టు ప్రకటించింది, మే నెలలో సీకోవాళ్ళు జపాన్‌లో అమ్మకానికి పెట్టేశారు. ఎవరు ముందు అనే గొడవ ఇప్పటికీ తెగలేదు, ఇక్కడ మొదలుపెట్టకండి.

సీకో సీరియల్‌లో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. అక్టోబరు అయితే సున్నా, నవంబరు, డిసెంబరు అయితే అంకె బదులు అక్షరం ఉంటుంది. దశాబ్దం ఏదో నంబరు చెప్పదు, మిషన్ తయారైన కాలాన్ని బట్టి మనమే తేల్చుకోవాలి. 6139 డెబ్బైల చివరిదాకే చేశారు కాబట్టి 5 అంటే 1975, 4 అంటే ఏప్రిల్. మామయ్యగారు కువైట్‌లో ఉన్న కాలానికి సరిపోతుందా?

ఇప్పుడు రాత సంగతి. 'ప్రూఫ్' అని రాసింది తొలినాటి వాచీల మీదే. డెబ్బైల మొదట్లోనే దాన్ని తీసేసి 'రెసిస్ట్' అన్నారు, ఆ తర్వాత డయల్ మీద నీళ్ళ ఊసే ఎత్తడం మానేశారు. 1975 ఏప్రిల్ మూత, 'ప్రూఫ్' డయల్ ఒక వాచీలో పుట్టవు. రెంటిలో ఒకటి తర్వాత వచ్చిందే. సీరియల్ ఉండేది మూత మీద కాబట్టి అది చెప్పేది మూత పుట్టిన నెల మాత్రమే. మూత కూడా మారే వస్తువే. ఈ వాచీలు కొనేవాళ్ళు చాలామంది దీన్ని మర్చిపోతారు.

సింహపురి_లత
మామయ్య 1974లో వెళ్ళాడు, 76లో మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు చేతికి ఈ వాచీ ఉందని అమ్మ అంటోంది. అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది: తను రోజూ పొద్దున కీ ఇచ్చేదట. తిప్పుతుంటే డయల్ చుట్టూ ఉన్న సన్నటి పసుపు వలయం తిరిగేదట, ఇప్పుడు తిరగడం లేదు.

కందుకూరు_కిట్టు
అమ్మగారు ఇన్నేళ్ళు పొద్దున్నే వలయాన్ని వాకింగ్‌కి తీసుకెళ్ళారన్నమాట.

ఒంగోలు_పాతగంట (ఒంగోలు)
అమ్మా లతా, నలభై ఏళ్ళకు పైగా ఈ పనిలో ఉండి మానేసినవాణ్ణి, నాకు తెలిసింది చెప్తా. 6139కి చేత్తో కీ ఇవ్వడం అనేది లేదు. చెయ్యి ఊగితే లోపల రోటర్ (బరువు పలక) తిరిగి స్ప్రింగు చుట్టుకుంటుంది, అంతే. ఈ కేసులో కీ తిప్పితే తిరిగేది మీ అమ్మగారు చెప్పిన ఆ వలయమే. దాన్ని తిప్పే చిన్న పళ్ళచక్రం అరిగిపోవడం మామూలు. కొందరు మేస్త్రీలు చక్రం దొరక్క వలయాన్ని గమ్ముతో అతికించేసేవాళ్ళు. మీ దాంట్లో ఏది జరిగిందో మూత తీస్తే గానీ తెలియదు.

కీ ఒకసారి చూడు తల్లీ. ఒరిజినల్ కీ కేసు గుంటలో ఒదిగి కూర్చుంటుంది, బయటికి పొడుచుకు రాదు. నీ ఫోటోలో ఒదిగే ఉంది. ఇంకో పరీక్ష: కీని బయటికి లాగకుండా, ఉన్నచోటే లోపలికి కొద్దిగా నొక్కితే తేదీ మారాలి, ఇంకా లోతుగా నొక్కితే వారం మారాలి. రెండూ జరిగితే కీ, దాని లోపలి కడ్డీ సరైనవే ఉన్నట్టు. అర్ధరాత్రికి ముందూ వెనకా కొన్ని గంటలు మాత్రం నొక్కొద్దు. ఆ వేళలో క్యాలెండర్ పళ్ళు పట్టుకుని ఉంటాయి, విరుగుతాయి.

గాజు సంగతి. ఈ వాచీకి కంపెనీ వేసింది హార్డ్‌లెక్స్ అనే గట్టి గాజు. మన దగ్గర అది పగిలితే ప్లాస్టిక్‌ది అరగదీసి వేసేవాళ్ళం. ఎనభైల్లో జపాన్ గాజు కావాలంటే మద్రాసు వెళ్ళాలి, బర్మా బజార్ తిరగాలి, అక్కడా దొరికితే దొరికినట్టు. పెదవికి ఆనించి చూడు: గాజైతే చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ తగలదు. సన్నటి గీతలు గజిబిజిగా ఉంటే ప్లాస్టిక్కే.

సింహపురి_లత
తేదీ, వారం రెండూ మారాయండీ! గాజు మాత్రం చల్లగా లేదు, గీతలు బోలెడు.

మార్కాపురం_మాష్టారు
ఫోటోల గురించి ఒక మాట. ఎదురుగా ఫ్లాష్ వేసి తీస్తే డయల్ గుట్టు బయటపడదు. కిటికీ పక్కన వాచీ పెట్టి, వెలుతురు ఒక పక్కనుంచి పడేలా మెల్లగా తిప్పుతూ తీయండి. ఈ పసుపు డయల్‌కి నడిమధ్య నుంచి అంచులకి కిరణాల్లా మెరుపు పాకాలి, తిప్పుతుంటే ఆ కిరణాలు కదలాలి. మెరుపు కదలకుండా అంతటా ఒకే పసుపు కనిపిస్తే రంగు మళ్ళీ వేశారనే.

ఆరు కింద, డయల్ చివరి అంచున చీమ తలకాయంత అక్షరాలు ఉంటాయి. అవి కూడా తీయండి. అక్కడి నంబరు 6139తో మొదలవుతుంది కానీ గీత తర్వాత 6002 ఉండదు. అది డయల్ నంబరు, కేసు నంబరు కాదు. రెండూ కలవలేదని కంగారు పడొద్దు, కలవకపోవడమే సరి.

పిల్లలకు చెప్పే అలవాటు కొద్దీ ఇంకో ముక్క: 1973 నవంబరులో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రానికి వెళ్ళి 84 రోజులు ఉండి వచ్చిన విలియం పోగ్ అనే వ్యోమగామి ఇలాంటి పసుపు సీకోనే వెంట తీసుకెళ్ళాడు. నాసా అధికారికంగా ఇచ్చింది ఒమేగా. సీకో ఆయన సొంతది. అందుకే వాచీలవాళ్ళు ఈ పసుపు డయల్‌ని 'పోగ్' అంటారు. ఆయనది 6005, మీది 6002. కేసు ఒకే రకం, అమ్మిన దేశం వేరు.

దర్గామిట్ట_భాయ్
మాష్టారూ, ఆ పేరు వల్లే పసుపు డయళ్ళకి గిరాకీ పెరిగి డూప్లికేట్లు కూడా పెరిగాయి. లతగారూ, పక్క వెలుతురు ఫోటో కోసం చూస్తున్నా. ముళ్ళు కూడా దగ్గరగా తీయండి.

సింహపురి_లత
పెట్టాను. మెరుపు కదలడం లేదు. అడుగున అక్షరాలు ఉన్నాయి కానీ అలుక్కుపోయాయి, "6139" దాకా చదవగలిగాను, తర్వాత మసక. గంట గుర్తుల మొదళ్ళలో రంగు గట్టు కట్టినట్టుంది. గంట, నిమిషాల ముళ్ళలో పూత గోధుమరంగుకి తిరిగింది. డయల్ మీది చుక్కలు మాత్రం తెల్లగా, చీకట్లో కాసేపు ఆకుపచ్చగా వెలుగుతున్నాయి.

కందుకూరు_కిట్టు
చుక్కలు వెలుగుతున్నాయంటే మంచిదే కదా?

దర్గామిట్ట_భాయ్
కాదు తమ్ముడూ. డెబ్బైల నాటి పూత ఇన్నేళ్ళకు నీరసించిపోతుంది, లైటు చూపిస్తే ఏదో క్షణం మిణుకుమంటుందేమో. ముళ్ళ పూత, డయల్ పూత ఒకేసారి పుట్టి ఉంటే ఒకేలా ముసలివవ్వాలి. ఇక్కడ ముళ్ళు ముసలివి, చుక్కలు పడుచువి. అంటే ముళ్ళు ఆ కాలానివే, చుక్కలు తర్వాత పెట్టినవి.

నా అంచనా: డయల్ బయటి డూప్లికేట్. ముళ్ళు ఒరిజినల్. పెద్ద సెకన్ల ముల్లు పొడవు కూడా చూశాను, బయటి గీతల్ని తాకుతోంది. వేరే సీకో ముల్లు పెట్టి ఉంటే పొట్టిగా తేలిపోయేది.

ఒంగోలు_పాతగంట
భాయ్, అంత తొందరొద్దు. బయటి డయల్ వేరు, అదే డయల్ పళ్ళేనికి రంగు మళ్ళీ వేయడం వేరు. ఎనభైల్లో బయటి డయల్ ఎక్కడిది? ఉన్న డయల్‌నే మద్రాసు పంపితే పాత రంగు గీకి, కొత్తది పట్టించి, అక్షరాలు అచ్చేసి తిరిగి పంపేవాళ్ళు. దగ్గర ఏ అచ్చు ఉంటే అదే కొట్టేవాళ్ళు. 'ప్రూఫ్' అనే రాత అలా వచ్చి ఉండొచ్చు. గుర్తుల మొదళ్ళలో రంగు గట్టు కట్టిందంటోంది కదా, గుర్తులు పీకకుండా చుట్టూ పూసినప్పుడే అలా పేరుకుంటుంది.

తేల్చుకోవాలంటే డయల్ తీసి వెనక చూడాలి. ఒరిజినల్ పళ్ళేనికి వెనక రెండు కాళ్ళు ఉంటాయి, మిషన్ రంధ్రాల్లో దిగుతాయి. కాళ్ళు లేకుండా గమ్ముతోనో టేపుతోనో అంటించి ఉంటే అప్పుడు భాయ్ మాట నిజం.

సున్నాకి రాకపోవడం కూడా ఇందులోంచే వచ్చింది. డయల్ తీయాలంటే ముళ్ళన్నీ పీకాలి. ఆ పెద్ద ముల్లు గొట్టం చాలా సన్నం, బిగువు మీద నిలబడుతుంది. పీకి పెట్టేటప్పుడు గొట్టం వదులైనా, ఓ వెంట్రుకవాసి పక్కగా కూర్చున్నా, సున్నాకి తెచ్చే లోపలి సుత్తి వచ్చి కొట్టినప్పుడు జారి గీత అవతల ఆగుతుంది. మిషన్ చెడిపోయిందని ఎవరైనా అంటే నమ్మకు.

మార్కాపురం_మాష్టారు
మిషన్ మీద నమ్మకానికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. పై బటన్ నొక్కగానే పెద్ద ముల్లు గెంతకుండా సాఫీగా కదలాలి. ఈ 6139లో క్లచ్ (స్టాప్‌వాచీ ముల్లుని మిషన్‌కి కలిపే భాగం) నిలువుగా ఒకదాని మీద ఒకటి ఒత్తుకునే రకం, పళ్ళు పళ్ళలో పడే రకం కాదు, కాబట్టి బయల్దేరేటప్పుడు ఎగరదు. చుట్టు పూర్తయ్యేసరికి చిన్న డయల్ ముల్లు ఒక నిమిషం జరగాలి. అది ముప్పై నిమిషాల లెక్క.

సింహపురి_లత
రెండూ సరిగ్గానే ఉన్నాయి మాష్టారూ. ఒక సందేహం. బటన్ నొక్కకపోతే సెకన్ల ముల్లు కదలదు, వాచీ ఆగిపోయినట్టే ఉంటుంది. మామయ్య ఎప్పుడూ నడిపిస్తూనే ఉంచేవాడట. దానివల్ల పాడవుతుందా?

ఒంగోలు_పాతగంట
దీనికి మామూలు సెకన్ల ముల్లు వేరే లేదమ్మా, అందుకే అందరూ అలాగే వాడారు. ఆ క్లచ్‌కి పెద్ద నష్టం లేదు. నిమిషాల లెక్క చూపే భాగం మాత్రం పని లేకుండా అరుగుతుంది. అవసరమైనప్పుడే వాడు.

దర్గామిట్ట_భాయ్
లతగారూ, డయల్ విప్పించాలంటే మీ ఎదురుగానే విప్పమనండి. చిన్న బజారు వైపు నాకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నారు, ప్రైవేటు మెసేజ్‌లో చెప్తా. మూత లోపలి వైపు ఫోటో మర్చిపోవద్దు, అక్కడ గీసిన గుర్తులు ఉంటాయి.

సింహపురి_లత
వెళ్ళొచ్చాను. చెప్పాల్సింది చాలా ఉంది.

ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని మూత విప్పారు. మిషన్ మీద 6139బి, 17 జ్యువెల్స్ (ఇరుసులు అరగకుండా పెట్టే రాళ్ళు) అని ఉంది. మూత లోపల సూదితో గీసినట్టు మూడు గుర్తులు. ఒకటి అర్థం కాలేదు. రెండోది తెలుగు 'ర' అక్షరంలా ఉంది. మూడోది "3-88". రిపేరు చేసిన ప్రతి మేస్త్రీ తన గుర్తు అలా గీసుకుంటాడట, మళ్ళీ ఎవరైనా ఫిర్యాదుతో వస్తే తను చేసిందా కాదా చూసుకోవడానికి. అంటే 1988 మార్చిలో ఇది ఎవరో విప్పారు.

తర్వాత ముళ్ళు తీసి డయల్ పైకి లేపారు. కాళ్ళు రెండూ ఉన్నాయి! గమ్ము లేదు. కానీ అంచు పక్కన ఒకచోట పసుపు పొర లేచింది, దాని కింద ఇంకో పసుపు. కింది పసుపు సన్నటి గీతలతో మెరుస్తోంది. గోరు చివరంత మేర మాత్రమే కనబడింది. అమ్మకి వీడియో కాల్‌లో చూపించా.

వలయాన్ని తిప్పే చక్రం పళ్ళు పోయాయి, గమ్ము మాత్రం లేదు.

అత్తయ్యకి ఫోన్ చేసి 88 సంగతి అడిగితే వెంటనే చెప్పింది. మైపాడు సముద్రంలో స్నానం చేస్తుంటే వాచీలోకి నీళ్ళు పోయి డయల్ మచ్చలు పడిందట. డయల్ మీద 'ప్రూఫ్' అని రాసి ఉందనుకుని దిగాడా అంటే, అప్పటికి డయల్ మీద ఆ రాతే లేదు కదా! మద్రాసు వెళ్ళే ఎవరికో ఇచ్చి పంపితే కొత్తగా మెరుస్తూ వచ్చిందట. ఆ 'ప్రూఫ్' నీళ్ళు పోయాక వచ్చింది.

కందుకూరు_కిట్టు
హహ, మునిగి లేచాక వాటర్ ప్రూఫ్ సర్టిఫికెట్! పాతగంట గారి లెక్క నూటికి నూరు కుదిరింది.

దర్గామిట్ట_భాయ్
పాతగంట గారిదే రైటు. పళ్ళెం సీకోదే, పైరంగు మద్రాసుది. 6139లో 'ఏ' తొలినాటిది, 'బి' తర్వాతది, కాబట్టి 1975 మూతకి సరిగ్గా కలుస్తోంది. కేసు, మూత, మిషన్, గంట నిమిషాల ముళ్ళు, కీ ఒక సంసారమే. తర్వాత వచ్చినవి గాజు, డయల్ రంగు, అక్షరాలు, చుక్కలు. చైను ఫోటోలో చూస్తే దాని బకిల్ మీద సీకో పేరే లేదు, అది కూడా బయటిదే.

నేనైతే ఒరిజినల్ డయల్ ఒకటి వెతికి వేయిస్తా. చచ్చిపోయిన 6139లు విడిభాగాల కింద దొరుకుతుంటాయి.

ఒంగోలు_పాతగంట
అలా వేస్తే అది సీకో డయల్ అవుతుంది కానీ ఈ వాచీ డయల్ కాదు భాయ్. ఎవరిదో చచ్చిన వాచీ మొహం తెచ్చి దీనికి పెట్టి ఒరిజినల్ అని చెప్పుకోవడం ఏం న్యాయం? ఈ పిల్ల వాచీలో ఉన్నది మామయ్య కొన్న పళ్ళెమే. దాన్ని తీసి పక్కన పడేస్తే మూడోసారి మార్చినట్టు.

దర్గామిట్ట_భాయ్
కొనేవాడి లెక్క వేరు గురువుగారూ. ఆ కాలపు కంపెనీ డయల్ ఉంటే ఒక రేటు, రంగు వేసినది ఉంటే ఒక రేటు. సర్వీసు సెంటరులో కంపెనీయే డయల్ మార్చి ఇచ్చేది, దాన్ని డూప్లికేట్ అంటామా?

ఒంగోలు_పాతగంట
అనం. కానీ పుట్టుకతో వచ్చింది అని కూడా అనం. అమ్మేటప్పుడు ఆ ముక్క చెప్పి అమ్మితే నాకు తగవు లేదు. ఈ అమ్మాయి అమ్మడం లేదు.

దర్గామిట్ట_భాయ్
అమ్మడం లేదు కాబట్టి ఊరుకుంటున్నా. అమ్మితే మాత్రం మళ్ళీ వాదిస్తా 😄

సెకండ్‌హ్యాండ్_రాజా
అమ్మేదైతే ఎనిమిది వేలు చేస్తా మేడమ్.

కందుకూరు_కిట్టు
రాజన్నా, రెండ్రోజుల్లో డబుల్!

మార్కాపురం_మాష్టారు
లతగారూ, బఫింగ్ గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు. మీ కేసు ఫోటోలో పైభాగం సన్నటి గీతల మెరుపు, పక్కలు అద్దం మెరుపు, రెండూ కలిసే అంచు ఇంకా పదునుగానే ఉంది. ఇన్నేళ్ళ వాచీకి అది అరుదు.

ఒంగోలు_పాతగంట
అవునమ్మా. బఫింగ్ చక్రం మీద పెడితే ఆ అంచు వాడిన సబ్బుబిళ్ళలా గుండ్రబడుతుంది. డయల్ మళ్ళీ తేవచ్చు, గాజు తేవచ్చు, పోయిన లోహం తేలేవు. ఎవరైనా చేస్తానన్నా వద్దను. చుట్టూ ఉన్న ఎరుపు నీలం రింగు వెలిసిపోయిందని మార్చమంటారు, అదీ వద్దు. వెలిసిన రంగు దాని వయసుకి తగ్గట్టే ఉంది.

సింహపురి_లత
ఆయనకి ఇలా చెప్పి ఇచ్చాను: మిషన్ విప్పి శుభ్రం చేసి నూనె వేయడం, సెకన్ల ముల్లు గొట్టం బిగించి సున్నా మీద కూర్చోబెట్టడం, మూత రబ్బరు కొత్తది. వలయం చక్రం దొరికితే వేయడం, దొరక్కపోతే అలాగే వదిలేయడం. డయల్ ముట్టుకోవద్దు, లేచిన పొర కూడా అంటించొద్దు. బఫింగ్ వద్దు. ప్లాస్టిక్ గాజు తీసి గట్టి గాజు వేయమన్నాను, తీసిన ప్లాస్టిక్‌ది కవర్లో పెట్టి ఇవ్వమన్నాను. ఎందుకమ్మా ఆ చెత్త అన్నారు, ఇవ్వండి చాలు అన్నాను. మూత లోపల ఆయన గుర్తు కూడా గీయమని అడిగా, నవ్వి సరేనన్నారు.

దర్గామిట్ట_భాయ్
పని మొదలుపెట్టే ముందు మిషన్ రెండు వైపులా ఫోటోలు తీసి ఉంచుకోండి, తిరిగొచ్చాక పోల్చుకోవచ్చు. కొత్త రబ్బరు వేసినా సముద్రం వైపు వద్దు, చేతులు కడిగేటప్పుడు కూడా తీసి పెట్టండి.

కందుకూరు_కిట్టు
మా తాత దగ్గర కూడా ఒక సీకో ఉంది, రెండు చిన్న డయళ్ళు, మూత మీద 6138 అని ఉంది. ఇదే పద్ధతిలో చూడొచ్చా?

ఒంగోలు_పాతగంట
6138 దీని అన్నదమ్ముల్లోదే అబ్బయ్యా, కానీ దానికి చేత్తో కీ ఎక్కుతుంది. కొత్త చర్చ మొదలుపెట్టి, మూత ఫోటో, పక్క వెలుతురులో డయల్ ఫోటో పెట్టు. తాతగారి చేత ముందే బఫింగ్ కొట్టించకు.